వెన్నెల్లో కట్టిన చర్చి

బెర్ముడా అనగానే మన హాస్టల్లో గుర్తొచ్చేవి రెండే. ఒకటి, ఓడలూ విమానాలూ మాయమవుతాయని చెప్పుకునే బెర్ముడా ట్రయాంగిల్. రెండోది, సాయంత్రం స్నానం చేసి వేసుకునే నిక్కరు. మూడోది కూడా ఒకటుందని పీజీలో చేరి చరిత్ర పుస్తకాలు తిరగేసేదాకా మాకూ తెలియదు. అది ఒక చిన్న చర్చి. పేరు కాబ్స్ హిల్ మెథడిస్టు చర్చి. దాని గురించి ఈ వార్షికోత్సవ సంచికలో నాలుగు మాటలు రాయాలనిపించింది.

బెర్ముడా అట్లాంటిక్ మహాసముద్రంలో ఒంటరిగా ఉన్న ద్వీపాల గుంపు. అన్నీ కలిపినా దాదాపు 54 చదరపు కిలోమీటర్లే. మన హైదరాబాదులో పదో వంతు కూడా రాదు. అమెరికా తీరం దాదాపు 1000 కిలోమీటర్ల దూరం. నదులు లేవు, వాగులు లేవు. ఇళ్ల కప్పుల మీద పడిన వానను తొట్లలోకి మళ్లించుకుని తాగుతారు. అది ఇప్పటికీ బ్రిటిష్ పాలన కింద ఉన్న ప్రాంతమే.

అక్కడికి మొదటి నల్లజాతి మనిషిని 1616లో తెచ్చారు, ముత్యాల కోసం నీటిలో మునగడానికి. తరువాత బానిసత్వం పెరిగింది. వెస్టిండీస్‌లో లాగా ఇక్కడ పెద్ద చెరకు తోటలు లేవు. బానిసలు ఓడలు నడిపారు, దేవదారు చెక్కతో పడవలు చేశారు, తాపీపని చేశారు, దొరల ఇళ్లలో వండి వార్చారు. అంటే ఆ ద్వీపంలో పని తెలిసిన చేతులు ఎక్కువగా వాళ్లవే. అయినా సెయింట్ జార్జ్ పట్టణంలోని సెయింట్ పీటర్స్ చర్చిలో వాళ్లు కూర్చోవలసింది వెనక ఉన్న మేడ మీద. చచ్చిపోయాక పూడ్చేది కూడా వేరే స్మశానంలోనే. ఈ సంగతి చదివినప్పుడు మన ఊళ్లో శ్మశానాలు ఎన్ని ఉన్నాయో మేము లెక్కపెట్టుకున్నాం.

ఇక మెథడిస్టులు ఎవరో చెప్పాలి. 1729 ప్రాంతంలో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో కొందరు విద్యార్థులు ఒక సంఘంగా చేరారు. ప్రార్థనకు ఒక వేళ, చదువుకు ఒక వేళ, జైల్లో ఖైదీలను చూసి రావడానికి ఒక వేళ అని టైంటేబుల్ పెట్టుకుని బతికేవారు. తోటి విద్యార్థులు వీళ్లను ఎగతాళి చేస్తూ, పద్ధతిగాళ్లు అనే అర్థంలో మెథడిస్టులన్నారు. తిట్టే పేరయింది. (మన హాస్టల్లో తెల్లవారుజామున లేచి చదివేవాళ్లకు ఏం పేర్లు పెడతామో గుర్తు తెచ్చుకోండి.) వాళ్లలో ముఖ్యులు జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీ అనే అన్నదమ్ములు. జాన్ వెస్లీ 1774లో బానిసత్వాన్ని ఖండిస్తూ ఒక చిన్న పుస్తకమే రాశాడు.

బెర్ముడాకు 1799లో జాన్ స్టీఫెన్సన్ అనే ఐర్లండు బోధకుడు వచ్చాడు. తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ బోధించాడు. దొరలకు కడుపు మండింది. ఇంగ్లండు, స్కాట్లండు అధికార చర్చిల దీక్ష లేనివాడెవడూ బోధించకూడదని 1800లో చట్టం చేశారు. ఆయన మానలేదు. ఆరు నెలల జైలు, 50 పౌండ్ల జరిమానా వేశారు. జైలు కిటికీలోంచే బోధించాడని చెబుతారు. ఆ చట్టాన్ని తరువాత లండన్‌లో కొట్టేశారు. 1808లో జాషువా మార్స్‌డెన్ అనే మరో బోధకుడు వచ్చి నల్లవాళ్లకు బోధించడంతో పాటు చదవడం కూడా నేర్పాడు. మా ఉద్దేశంలో దొరల అసలు భయం ఇదే. దేవుడి గురించి విన్నవాడు దండం పెట్టి ఊరుకోవచ్చు. అక్షరం నేర్చినవాడు కాగితం మీద ఏం రాసుందో చూస్తాడు.

ఇప్పుడు అసలు కథ. ఎడ్వర్డ్ ఫ్రేజర్ బార్బడోస్ ద్వీపంలో బానిసగా పుట్టినవాడు. యజమాని వెంట బెర్ముడా చేరాడు. చదువుకున్నవాడు, మెథడిస్టుల్లో కలిసి తోటి బానిసలకు బోధించేవాడు. వారిక్ అనే ప్రాంతంలో మనకంటూ ఒక చర్చి కావాలని పూనుకున్నాడు. 1825లో పని మొదలైంది. కానీ కట్టేవాళ్లెవరు? బానిసలు, వాళ్లతో పాటు కొద్దిమంది స్వేచ్ఛ పొందిన నల్లవాళ్లు. బానిసకు పగలు తనది కాదు. తెల్లవారింది మొదలు పొద్దుగూకే దాకా చేతులు యజమానివి. మిగిలింది రాత్రి. అందుకే వెన్నెల ఉన్న రాత్రుల్లో, దొరికిన కాస్త తీరికలో వాళ్లు గోడలు లేపారు. రెండేళ్లు పట్టింది. 1827కి చర్చి పూర్తయింది.

మనలో చాలామంది నాన్నలు మేస్త్రీల దగ్గర పనిచేసినవాళ్లే. సెలవుల్లో మేమూ ఇటుకలు అందించాం. పగలంతా మోసినవాడికి రాత్రి చెయ్యి లేవదు. అందులో మసక వెలుతురులో సూత్రం కట్టి, గుండు వేసి, గోడ నిటారుగా ఉందో లేదో చూడడం మాటలు కాదు. ఒక్కటి మాత్రం వాళ్లకు కలిసొచ్చి ఉంటుందని మా ఊహ. బెర్ముడా రాయి తెల్లటి సున్నపురాయి. మన తాండూరు నాపరాయి కూడా సున్నపురాయే గాని అది గట్టిది. బెర్ముడా రాయి మెత్తన, చేతి రంపంతోనే కోస్తారు, గాలికి ఉన్నకొద్దీ గట్టిపడుతుంది. తెల్లరాయి కాబట్టి వెన్నెల్లో అంచులు కనబడి ఉంటాయి.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. వెస్లీ బానిసత్వాన్ని తిట్టినా, ఆయన తరువాత లండన్‌లోని మెథడిస్టు మిషనరీ సొసైటీ తన బోధకులకు ఇచ్చిన ఆదేశం వేరు. బానిసల ఆత్మల సంగతి చూడండి, వాళ్ల బతుకు స్థితిలో జోక్యం చేసుకోకండి అని దాని సారాంశం. దొరలు తరిమేస్తారన్న భయం అర్థమవుతుంది. అయినా మాకది నచ్చలేదు. ఆదివారం పక్కన కూర్చున్నవాడు సోమవారం ఎవరి ఆస్తో అడగకూడదంటే ఎలా? కానీ అదే సొసైటీ ఫ్రేజర్‌ను బోధకుడిగా తీసుకోవడానికి ఒప్పుకుంది. యజమాని అతణ్ణి విడుదల చేశాడు. 1828లో ఫ్రేజర్ బోధకుడిగా ఆంటిగ్వా ద్వీపానికి వెళ్లాడు. చాలా ఏళ్ల తరువాత మన మెదక్‌కు పాస్నెట్ దొరను పంపింది కూడా ఈ వెస్లియన్ మెథడిస్టు సొసైటీయే. కరువు రోజుల్లో కూలీలు మోసిన రాళ్లతో లేచి, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చిని మనలో చాలామంది చూసే ఉంటారు. ఆ చర్చికీ ఈ చర్చికీ ఉన్న చుట్టరికం అది.

ఫ్రేజర్ ఒక్కడికి విడుదల దొరికింది గాని, ఆ గోడలు లేపిన మిగతా బానిసలు చర్చి పూర్తయ్యాక కూడా ఏడేళ్లు బానిసలుగానే ఉన్నారు. బెర్ముడాలో బానిసత్వం రద్దయింది 1834 ఆగస్టు 1న. మిగతా చాలా ద్వీపాల్లో విడుదలైనవాళ్లు ఇంకొన్నేళ్లు పాత యజమాని దగ్గరే శిక్షణ పేరుతో పనిచేయాలని మెలిక పెట్టారు. బెర్ముడాలో, ఆంటిగ్వాలో ఆ మెలిక లేకుండా అదే రోజున విడుదలయ్యారు. అలాగని వివక్ష పోలేదు. సినిమా హాళ్లలో నల్లవాళ్లకు వేరే సీట్లు ఉండేవి. 1959లో జనం హాళ్లను బహిష్కరిస్తే, కొద్ది వారాల్లోనే ఆ పద్ధతి ఎత్తేశారు.

కాబ్స్ హిల్ చర్చి ఇంకా నిలిచే ఉంది. బెర్ముడాలో ఆఫ్రికా సంతతివాళ్ల చరిత్ర చూపించే స్థలాల జాబితాలో అదీ ఒకటి. ఆ చర్చి ఉన్న సందుకు మూన్‌లైట్ లేన్ అని పేరు. మన భాషలో చెప్పాలంటే వెన్నెల సందు.