సైటు తెలుగు: పరువు, బరువు

‘వెబ్‌సైటులో తెలుగు కాస్త బరువుగా ఉండాలండీ, లేకపోతే జనం నమ్మరు.’ ఆసుపత్రి సైటుకు రాసేవారు, కాలేజీ సైటుకు రాసేవారు, పథకాల వివరాలు పెట్టేవారు అందరూ ఈ మాటను వేదంలా వల్లిస్తున్నారు. దీని ఫలం చూడాలంటే శ్రీకాకుళం జిల్లాలో ఏ నెట్ సెంటర్ దగ్గరైనా కాసేపు నిలబడండి. చేతిలో ఫోనుంది, ఫోనులో పేజీ ఉంది, పేజీలో ఉన్నదీ తెలుగే. అయినా అది చదివి చెప్పడానికి ఇంకొకరు కావాలి, వాళ్లకు డబ్బులివ్వాలి.

నమూనాకు ఒకటి అల్లి చూపిస్తాను: ‘అర్హులైన దరఖాస్తుదారులు తత్సంబంధిత ధ్రువపత్రములను నిర్దేశిత గడువులోగా సమర్పించవలెను. అసంపూర్ణ దరఖాస్తులు తిరస్కరించబడును.’ ఇంతకంటే ఘోరమైనవి బోలెడు. ఏ పత్రాలు? ఎక్కడ ఇవ్వాలి? ఎప్పటిలోగా? ఒక్కదానికీ జవాబు లేదు. తిరస్కరించేది ఎవరో కూడా లేదు. ఇదే విషయం ఇలా రాయండి: ‘ఆధార్, రేషన్ కార్డు, కుల ధ్రువపత్రం జిరాక్సులు ఆగస్టు 10 సాయంత్రం 5 గంటల్లోపు మీ గ్రామ సచివాలయంలో ఇవ్వండి. ఒక్క కాగితం తగ్గినా దరఖాస్తు తీసుకోరు.’ దీనివల్ల ఎవరి పరువు పోయింది? బరువైన వాక్యం చాలాసార్లు దాచేది పాండిత్యాన్ని కాదు, రాసినవారికే విషయం పూర్తిగా తెలియదన్న సంగతిని.

ఈ అపోహ ఇంకా ఈ గడ్డమీదే బతికుండటం విడ్డూరం. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి జీవితంలో ఎన్నో ఏళ్లు దీనితో పోట్లాడటానికే పోయాయి. 1919లో ‘తెలుగు’ పత్రిక పెట్టిందీ అందుకే. గ్రాంథికం తప్పనిసరి అన్న పండితులు తామే తప్పుల్లేకుండా గ్రాంథికం రాయలేకపోతున్నారని వాళ్ల రచనల్లోంచే ఏరి చూపించారాయన. మన సైట్లదీ అదే కథ. మొదటి వాక్యంలో ‘సమర్పించవలెను’, రెండో వాక్యంలో ‘ఇవ్వాలి’, మూడో దాంట్లో ‘క్లిక్ చేయబడాలి’. విజయనగరంలో 1892లోనే గురజాడ ‘కన్యాశుల్కం’ రంగస్థలం ఎక్కింది, మనుషులు మాట్లాడుకునే తెలుగులో. వాడుక తెలుగును జనం నమ్మరన్నవాళ్లకు ఆ నాటకం ఇంకా ఎందుకు ఆడుతోందో తెలియాలి.

‘వాడుక భాషలో రాస్తే చట్టం ఒప్పుకోదు’ అని మరో దబాయింపు. తెలుగును అధికార భాష చేసిన 1966 నాటి చట్టం గ్రాంథికంలో రాయమని ఎక్కడా అనలేదు.

దీనికి తోబుట్టువు ఇంకో అపోహ: తేలిక తెలుగంటే సంస్కృతం, ఇంగ్లీషు ఏరిపారేయడమని. ఉద్దానం వెళ్లండి. కవిటిలోనో సోంపేటలోనో బడి ముఖం చూడని మనిషి కూడా ‘క్రియాటినిన్ ఎంతొచ్చింది?’ అని అడుగుతాడు. ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బుతో వేగిన ఊళ్లు అవి, అక్కడ అది ఇంటి మాట. ఆ మాట తీసేసి ఏదో అచ్చ తెలుగు సమాసం కడితే గందరగోళమే. కళింగపట్నం మత్స్యకారుడికి అల్పపీడనం, వాయుగుండం, తుపాను మధ్య తేడా మీరు చెప్పక్కర్లేదు, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చూసిన తీరం అది. అతనికి కావాల్సింది ఎప్పటి నుంచి ఎప్పటి వరకు వేటకు వెళ్లకూడదో. అది హెచ్చరిక పేజీ అడుగున, నాలుగో పేరాలో ఉంటుంది!

ఒక్కచోట మాత్రం అవతలి పక్షానికి తలవంచక తప్పదు. ఎవరి వాడుక వారు రాసుకుంటే పక్క జిల్లా వాడికి అర్థం కాదన్నది గ్రాంథికవాదుల పాత వాదన. అది ఉత్త చాదస్తం కాదు. మనం ‘త్వరగా రండి’ అనకుండా ‘బేగి రండి’ అని రాస్తే అనంతపురంలో నోరెళ్లబెడతారు. సైటు ఇచ్ఛాపురం నుంచి హిందూపురం దాకా తెరుచుకుంటుంది కదా. కానీ గిడుగు అడిగిందీ ఏ ఊరి యాసనో కాదు, చదువుకున్నవాళ్లు మామూలుగా మాట్లాడే తెలుగునే. అవతలివారి భయం న్యాయమే, మందు మాత్రం తప్పు.

మిగతావి త్వరగా తేల్చేద్దాం. పొడుగ్గా రాస్తే గూగుల్ పైకి లేపుతుందా? మాటల సంఖ్యను బట్టి ర్యాంకు ఇచ్చేది లేదని గూగుల్ వాళ్లే చెప్పారు. ‘శ్రీకాకుళంలో ఉత్తమ జీడిపప్పు’ అని పేరాకు ఐదుసార్లు రాయడమా? అది గూగుల్ స్పామ్ లెక్కలో వేసే పని. ఇంగ్లీషు పేజీని యంత్రానికి అప్పగిస్తే తెలుగు పేజీ వచ్చేస్తుందా? వస్తుంది, చదివేవారే రారు.

ఫ్లెక్సీ కోసం అను ఫాంట్లో కొట్టించిన ప్రకటనను ఫొటో తీసి సైటులో పెట్టేవారికి ప్రత్యేక నమస్కారం. ఆ బొమ్మలోని అక్షరాలను గూగుల్ వెతుకులాట సరిగా పట్టుకోలేదు, చూపులేనివారి ఫోను సరిగా చదివి వినిపించలేదు. యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయించండి, గంట పని. అలాగే పేజీ పెట్టేముందు ఆ పని నిజంగా ఉన్న మనిషి చేత, మీ ఆఫీసు వాడి చేత కాదు, పైకి చదివించండి. ఎక్కడ ఆగితే అక్కడ వాక్యాన్ని విరవండి. తేదీ, చోటు, కావాల్సిన కాగితాలు మొదటి రెండు వాక్యాల్లోకి తెండి. స్వాగత సందేశం, చైర్మన్ గారి ఫొటో కిందికి పోవచ్చు. గడువు దాటిన ప్రకటన ఆ సాయంత్రమే తీసేయండి.