మోటారు పొగ, నగరపు గాలి, మెట్రో రైలు

చదువునకు, కూలికి, వైద్యమునకు మన పల్లెలనుండి నిత్యము వేలాదిమంది హైదరాబాదునకు పోవుచున్నారు. కావున ఆ నగరపు గాలి యెట్లున్నదను ప్రశ్న నగరవాసులది మాత్రమే కాదు. కూడలియందు దినమెల్ల నిలిచి పండ్లమ్ముకొను యువకుడు ఏదో యొక పల్లెవాని బిడ్డయే గదా! మోటారు పొగ విషయమున వచ్చిన మార్పులను, అందు రైలు చేయగల మేలును ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

పొగలో ఏమున్నది?

పెట్రోలు, డీజిలు మండినపుడు కార్బన్ మోనాక్సైడు, నత్రజని ఆక్సైడులు, మసి వెలువడును. వీనిలో మిక్కిలి హానికరమైనది కంటికగపడని సన్నని ధూళి. మిల్లీమీటరును వేయి భాగములు చేసినచో ఒక్కొక్క భాగము ఒక మైక్రాను. రెండున్నర మైక్రానులకు మించని రేణువులను పి.ఎం. 2.5 అందురు. మన తలవెండ్రుక వీనికంటె ఇరువది ముప్పది రెట్లు లావుగా నుండును. ముక్కు వీనిని ఆపజాలదు. ఇవి ఊపిరితిత్తుల లోతునకు జేరి, కొన్ని రక్తమునందును ప్రవేశించి, ఉబ్బసమును పెంచును. గుండెజబ్బులకు, పక్షవాతమునకు దారితీయును. ఘనమీటరు గాలిలో ఇవి సంవత్సరపు సగటున 40 మైక్రోగ్రాములకు మించరాదని 2009 నాటి జాతీయ ప్రమాణము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దు 5 మాత్రమే.

బండ్లు మెరుగుపడినవి

ఈ పొగను తగ్గించుటకు కృషి జరుగకపోలేదు. 2000వ సంవత్సరమున దేశమంతట సీసము కలిపిన పెట్రోలు తొలగింపబడినది. 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి భారత్ స్టేజి 6 ప్రమాణములు అమలునకు వచ్చినవి. అంతకుముందు ఇంధనమునందు పది లక్షల భాగములకు 50 భాగములవరకు గంధకముండవచ్చును. ఇపుడు 10 భాగములకు మించరాదు. క్రొత్త డీజిలు లారీలు పెక్కింటిలో యూరియా ద్రావణము వాడి నత్రజని ఆక్సైడులను అణచుచున్నారు. అయితే పొలమున చల్లు యూరియాను నీట కలిపి లారీలో పోయరాదు, యంత్రభాగములు చెడిపోవును.

అయినను గాలి ఏల బాగుపడలేదు?

ఒక్కొక్క బండి పొగ తగ్గినది గాని, బండ్ల సంఖ్య పెరిగినది. బండి పొగ సగమై, బండ్లు రెట్టింపైనచో మిగులు లాభము సున్న. పాతబండ్లు ఇంకను తిరుగుచునే యున్నవి. రద్దీలో చిక్కిన బండి కదలకుండగనే ఇంధనమును కాల్చుచుండును. ఇదిగాక టైర్లు, బ్రేకులు అరిగి రాలు పొడియు, చక్రముల క్రింద లేచు రోడ్డు దుమ్మును ఎంత మేలైన పెట్రోలు వాడినను తగ్గవు. కాబట్టి బండిని బాగుచేసిన మాత్రమున చాలదు, బండ్లనే తగ్గింపవలెను.

రైలు చేయు మేలు

ఇచట రైలు అక్కరకు వచ్చును. మూడు పెట్టెల మెట్రో రైలు సుమారు వేయిమందిని మోయగలదు. వారే ఇద్దరిద్దరు చొప్పున మోటారు సైకిళ్లపై పోయినచో ఐదువందల బండ్లు రోడ్డెక్కును. ఉక్కుపట్టాపై ఉక్కుచక్రము సులువుగా దొర్లును గనుక శక్తి వ్యయము తక్కువ. బ్రేకు వేసినపుడు పుట్టు విద్యుత్తు మరల తీగలోనికే పోవును. ఈ రైలునకు కావలసిన విద్యుత్తు బొగ్గునుండి వచ్చినచో పొగ వేరొకచోట పుట్టునన్నది నిజమే. కాని అది జనము క్రిక్కిరిసిన వీధిలో, ముక్కునకెదురుగా వెలువడదు. సూర్యరశ్మినుండి విద్యుత్తు పెరిగినకొలది ఆ పొగయు తగ్గును.

హైదరాబాదున 2003 ఆగస్టున ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు మొదలైనవి. 2017 నవంబరు 28న మియాపూరు, నాగోలుల నడుమ 30 కిలోమీటర్ల మెట్రో మార్గము ప్రారంభింపబడినది. 2020 ఫిబ్రవరి నాటికి మూడు మార్గములు కలిసి సుమారు 69 కిలోమీటర్లైనవి.

పట్టాలు వేసినంత మాత్రమున గాలి శుద్ధియగునా? తైవాను రాజధాని తైపేలో 1996లో మెట్రో వచ్చిన పిమ్మట కార్బన్ మోనాక్సైడు నూటికి 5 మొదలు 15 వంతులవరకు తగ్గినట్లు పరిశోధకులు కనుగొనిరి. కాని లోకమందలి పెక్కు నగరములను కలిపి చూచినపుడు సగటున చెప్పుకొనదగిన మార్పు కానరాలేదు. మొదటినుండి కాలుష్యము హెచ్చుగానున్న నగరములందే మేలు కనబడినది. బండి దిగినవాడు రైలెక్కిననే ఫలితము. అతడు దిగిన రోడ్డును వేరొక బండి ఆక్రమించినచో ఫలితము తరిగిపోవును.

మనము చేయదగినది

నగరమునకు పోవు సోదర సోదరీమణులు సూర్యాపేట వైపునుండి ఎల్.బి. నగరులో, వరంగల్లు వైపునుండి ఉప్పలులో, సంగారెడ్డి వైపునుండి మియాపూరులో బస్సు దిగి మెట్రో ఎక్కవచ్చును. మహాత్మాగాంధీ బస్సు స్టేషను చెంతనే మెట్రో స్టేషనున్నది. గాంధీ ఆసుపత్రి పేరిటను ఒక స్టేషను గలదు. స్వంత బండి తప్పనివారు కాలుష్య తనిఖీ పత్రమును గడువు దాటకుండ పొందవలెను. ఇంధనమున కిరోసిను కలుపరాదు. రైలును నిర్మించుట ప్రభుత్వపు పని. దానిని నింపుట ప్రజల పని. రెండును కలిసిననాడే నగరమునకు పోయిన మన బిడ్డలకు పీల్చదగిన గాలి దక్కును.