దీర్ఘకాల స్టెరాయిడ్ చికిత్స – శరీర బరువు నియంత్రణ

1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్ళవాత రోగికి కార్టిసోన్ ఇచ్చిన నాటి నుండి స్వయం ప్రతిరక్షక వ్యాధుల చికిత్సలో స్టెరాయిడ్లకు ప్రత్యేక స్థానం ఏర్పడింది. లూపస్‌లో ప్రెడ్నిసొలోన్ మూత్రపిండాలను, ఒక్కోసారి ప్రాణాన్నే కాపాడుతుంది. అయితే రోగికి అద్దంలో కనిపించేది ఉబ్బిన ముఖం. అది భరించలేక మాత్రను హఠాత్తుగా మానివేసేవారున్నారు. బరువు కంటె ఇదే పెద్ద ప్రమాదం. కొన్ని వారాలకు మించి వాడినప్పుడు అడ్రినల్ గ్రంథులు సొంతంగా కార్టిసాల్ తయారుచేయటం తగ్గిస్తాయి. మందు ఒక్కసారిగా ఆగితే రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలుగవచ్చు.

పెరిగిన బరువంతా కొవ్వు కాదు. ఉప్పు, నీరు కూడా శరీరంలో నిలుస్తాయి. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ నిత్యం ఉండే తెలుగువారి భోజనంలో ఉప్పును రోజుకు 5 గ్రాములలోపు ఉంచటం సులభం కాదు. దీనికి తోడు ఆకలి పెరుగుతుంది. కొవ్వు ముఖం, మెడ వెనుక, పొట్ట చుట్టూ చేరుతుంది. అదే సమయంలో తొడలు, భుజాల కండరాలు క్షీణిస్తాయి. కనుక పస్తులుండటం కండరాన్నే మరింత కరిగిస్తుంది. పప్పు, గుడ్డు, చేప, పెరుగు తగినంత తీసుకుంటూ (మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుడు చెప్పిన మేరకే), కుర్చీలో నుండి పదేపదే లేచి కూర్చోవటం వంటి వ్యాయామం చేయటం మేలు. ఉదయం మాత్ర వేసుకునేవారిలో రక్తంలో చక్కెర మధ్యాహ్నం తరువాత పెరుగుతుంది. పరగడుపు పరీక్షలో అది బయటపడకపోవచ్చు.

అసలు మార్గం వైద్యుని పర్యవేక్షణలో మోతాదును క్రమంగా తగ్గించటమే. లూపస్‌లో దీర్ఘకాల మోతాదు రోజుకు 5 మిల్లీగ్రాములకు మించరాదని, వీలైతే పూర్తిగా ఆపాలని ఐరోపా రుమటాలజీ నిపుణుల 2023 నాటి సూచనలు చెబుతున్నాయి. హైడ్రాక్సీక్లోరోక్విన్, అజాథయోప్రిన్ వంటివి అందుకు తోడ్పడతాయి. మోతాదు తగ్గిన కొన్ని నెలలలో ముఖం చాలావరకు పూర్వరూపానికి వస్తుంది. పొట్ట కొవ్వు అంత త్వరగా కరగదు.