ఉద్దానానికి రావలసిన జవాబు

పలాస దాటి ఇచ్ఛాపురం వైపు జాతీయ రహదారి మీద వెళ్తుంటే ఎడమ చేతి వైపు దూరంగా మహేంద్రగిరి, కుడి చేతి వైపు సముద్రం దాకా పరుచుకున్న పచ్చదనం. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం. శ్రీకాకుళం జిల్లాలోని ఈ ఏడు మండలాలనూ కలిపి ఉద్దానం అంటారు. కొబ్బరి నీడలో జీడి, జీడి పక్కన పనస, దొడ్డిలో మునగ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఇక్కడే తీరం దాటి లక్షల చెట్లను నేల కూల్చింది. కొబ్బరి మొక్క కాపుకొచ్చేదాకా ఏళ్ల తరబడి ఆగాలి. ఆగారు. మళ్లీ నాటుకున్నారు.

ఇంత కొబ్బరి పండే ఊళ్లలో కొబ్బరి నీళ్లు తాగకూడని మనుషులు ఇంటింటా కనిపిస్తారు. కిడ్నీలు పాడైతే ఒంట్లో చేరిన పొటాషియం బయటికి పోదు. అది మితిమీరితే గుండె లయ తప్పుతుంది. కొబ్బరి నీళ్లలో ఉండేది ముఖ్యంగా ఆ పొటాషియమే. పనస తొనలోనూ అంతే. కూరగాయలు సైతం తరిగి, నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వంపేసి వండుకోవాలి. తన తోటలో కాసినదేదీ తాను నోట పెట్టలేని రైతు బాధ ఉద్దానం బయట ఉన్నవాళ్లకు ఊహకందడం కష్టం.

ఈ జబ్బు తీరు వేరు. మన దగ్గర కిడ్నీలు చెడిపోయాయంటే సాధారణంగా వెనక మధుమేహమో, ఏళ్ల తరబడి అదుపు తప్పిన రక్తపోటో ఉంటుంది. ఉద్దానంలో చాలామందికి ఆ రెండూ లేవు. మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు కాబట్టి నురగ కనిపించదు, మొదట్లో కాళ్ల వాపూ ఉండదు. దెబ్బ తగిలేది రక్తాన్ని వడపోసే జల్లెడలకు కాదు, వాటి వెనకున్న సన్నని నాళికలకూ చుట్టూ ఉన్న కణజాలానికీ. ఆకలి మందగించి, ఆయాసం మొదలై ఆసుపత్రి మెట్లెక్కేసరికి సగానికి పైగా పని అయిపోయి ఉంటుంది. కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి అని వైద్యులు పేరు పెట్టారు.

డాక్టర్ టి. రవిరాజు బృందం ఈ ప్రాంతంలో 2,210 మందికి పరీక్షలు చేసి 2019లో ఫలితాలు ప్రచురించింది. 18.23 శాతం మందికి కిడ్నీ జబ్బు ఉన్నట్టు తేలింది. వాళ్లలో నాలుగింట మూడొంతుల మందికి తెలిసిన కారణమేదీ కనిపించలేదు. తర్వాత జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ పరిశోధకులు పదుల కొద్దీ ఊళ్లలో రెండు వేల నాలుగు వందల మంది దాకా పరీక్షిస్తే ఆ శాతం ఇరవై ఒకటి దగ్గర తేలింది. రెండు బృందాలు, రెండు పద్ధతులు, దాదాపు ఒకే సమాధానం. పెద్దవాళ్లలో ఐదుగురికి ఒకరు.

ఉద్దానం ఊళ్లలో ఇద్దరు రోగులు కలిస్తే మాటల్లో ముందుగా వచ్చేది క్రియాటినిన్ అంకె. ‘నాకు మూడు, ఆయనకి ఐదు దాటింది’ అంటారు. కండరాలు పనిచేసే క్రమంలో తయారయ్యే వ్యర్థం క్రియాటినిన్. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే రక్తంలో పేరుకుంటుంది. పరీక్ష చవక, ఏ ల్యాబులోనైనా దొరుకుతుంది. కానీ ఆ అంకెను ఉన్నదున్నట్టు చదివితే మోసపోతాం. 1.2 అని వచ్చిందనుకుందాం. చాలా ల్యాబుల కాగితం మీద అది మామూలు హద్దులోనే ఉంటుంది. అదే అంకెను వయసు, ఆడా మగా అన్న లెక్కతో ఇప్పుడు వాడుకలో ఉన్న 2021 నాటి సూత్రంలో వేస్తే ముప్పై ఏళ్ల మగవాడికి కిడ్నీల వడపోత వేగం నిమిషానికి 83 మిల్లీలీటర్లు వస్తుంది. యాభై ఏళ్ల స్త్రీకి 55. అరవై కంటే తక్కువ వేగం మూడు నెలలకు మించి కొనసాగితే అది దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి. ఒకే అంకె, ఒకే రకం కాగితం. అతను నిశ్చింతగా ఇంటికి వెళ్లొచ్చు. ఆమెను మాత్రం వెనక్కి పిలిచి మరోసారి చూడాలి. పిలిచే వ్యవస్థ ఉందా అన్నదే నా ప్రశ్న.

అక్కడితో అయిపోలేదు. ఇలాంటి సూత్రాలను కట్టింది ప్రధానంగా పాశ్చాత్య దేశాల మనుషుల కొలతల మీద. బక్కపలచని ఒళ్లు, మాంసం తక్కువ తినే అలవాటు ఉన్నచోట కండ తక్కువ, క్రియాటినిన్ తయారీ తక్కువ. అంటే కిడ్నీ దెబ్బతిన్నా అంకె పెద్దగా పెరగదు. ఈ సూత్రాలు భారతీయుల కిడ్నీ శక్తిని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపుతున్నాయని మన దేశంలో జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. పగలంతా జీడిపిక్కలు కొట్టే సన్నటి ఆడమనిషి విషయంలో ఈ తేడా చిన్నది కాదు. దీనికి విరుగుడుగా వైద్యులు సూచిస్తున్నది సిస్టాటిన్-సి పరీక్ష. అది ఒంట్లోని దాదాపు అన్ని కణాల నుంచీ పుడుతుంది కాబట్టి కండతో అంతగా ముడిపడదు. రెండింటినీ కలిపి లెక్కిస్తే నిజానికి దగ్గరగా వస్తాం. ఖరీదు ఎక్కువ, పెద్ద ఊళ్లు దాటితే దొరకడం కష్టం. రాష్ట్రమంతటా అక్కర్లేదు, అనుమానం ఉన్నవాళ్లకు ఈ ఏడు మండలాల్లోనైనా అందుబాటులో ఉంచాలన్నది పెద్ద కోరికేమీ కాదు.

ఇంతకీ కారణం ఏమిటి? దాహం వేసినా ఆగకుండా ఎండలో పనిచేయడం వల్ల ఒంట్లో నీరు పదేపదే తగ్గి కిడ్నీలు దెబ్బతింటాయన్నది మధ్య అమెరికా చెరకు తోటల నుంచి వచ్చిన వాదన. నికరాగ్వాలో చెరకు నరికే కూలీలకు నీళ్లు, నీడ, విశ్రాంతి నియమంగా ఇస్తే కిడ్నీ గాయాలు తగ్గాయి. అక్కడ బలైనవాళ్లు ఎక్కువగా వయసులో ఉన్న మగవాళ్లు. ఉద్దానంలో పని చాలావరకు చెట్ల నీడన, జబ్బు ఆడవాళ్లనూ వదల్లేదు. కాబట్టి ఎండ ఒక్కటే ఇక్కడి కథంతా చెప్పలేదని నాకనిపిస్తుంది. అలాగని కొట్టిపారేయడానికీ లేదు, ఉక్కపోత తీరం ఇది. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోని వరి రైతులకూ ఇలాంటి జబ్బే, అక్కడా వేళ్లు ఎన్నో వైపుల చూపిస్తున్నాయి. భూగర్భ జలాల్లో సిలికా, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం, పుట్టినప్పటి బరువు. ఒక్కోదానికీ కొంత ఆధారం ఉంది, ఏదీ పూర్తిగా రుజువు కాలేదు. ఒకటి కాదు, నాలుగైదు కలిసి కొడుతున్నాయన్న అభిప్రాయం పరిశోధకుల్లో బలపడుతోంది.

రాజకీయం ఆలస్యంగానైనా కదిలింది. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి బాధితులతో మాట్లాడాక ఉద్దానం పేరు రాష్ట్రమంతా మారుమోగింది. డయాలసిస్ రోగులకు పింఛను నెలకు పది వేలైంది. 2023 డిసెంబరు 14న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రినీ పరిశోధన కేంద్రాన్నీ ప్రారంభించారు. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లను గొట్టాల్లో తెచ్చే సుమారు రూ.700 కోట్ల తాగునీటి పథకం కూడా అదే రోజు మొదలైంది.

ఆ నీటి పథకం మీద నాకు ప్రత్యేకమైన ఆశ ఉంది. బోరు నీళ్లు మాని నది నీళ్లు తాగడం మొదలుపెట్టాక కొత్త కేసులు తగ్గుతాయా? తగ్గితే నేరం నీటిదేనని చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు. తగ్గకపోతే వెతుకులాట మరో వైపు తిరగాలి. ఇలాంటి అవకాశం ఏ ప్రయోగశాలలోనూ దొరకదు. కానీ అది చేజారకుండా ఉండాలంటే ఏ ఊరికి కొళాయి నీళ్లు ఏ నెలలో వచ్చాయి, ఆ ఊళ్లో ఎవరి వడపోత వేగం అప్పుడెంత, ఏడాదికెంత, ఐదేళ్లకెంత అన్నది రాసి ఉండాలి. అవే మనుషులు, అదే ల్యాబు, అదే పద్ధతి. ఒక్కసారి తీసిన రక్తం ఎంతమందికి జబ్బుందో మాత్రమే చెబుతుంది. ఏటేటా తీసిన రక్తమే జబ్బు ఎవరికి, ఎప్పుడు, దేని తర్వాత వచ్చిందో చెబుతుంది.

వైద్యంలో మాత్రం ఈ అయిదారేళ్లలో నిజంగానే మంచి మార్పు వచ్చింది. మధుమేహం కోసం తయారైన డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మాత్రలు చక్కెర జబ్బు లేనివాళ్లలోనూ కిడ్నీలను కాపాడుతున్నాయని పెద్ద ప్రయోగాల్లో తేలింది. 2020లో వెలువడిన డాపాగ్లిఫ్లోజిన్ ప్రయోగంలో 4,304 మంది పాల్గొన్నారు. కిడ్నీలు పూర్తిగా చెడిపోవడం లాంటి తీవ్ర పరిణామాలు 39 శాతం తగ్గాయి. అయితే ఆ ప్రయోగంలోకి మూత్రంలో ప్రొటీన్ పోతున్నవాళ్లనే తీసుకున్నారు. ఉద్దానం రోగుల్లో చాలామందికి ఆ తలుపు మూసే ఉంది. ఆ తర్వాత వచ్చిన ఎంపాగ్లిఫ్లోజిన్ ప్రయోగం 6,609 మందితో జరిగింది. వడపోత వేగం బాగా తగ్గినవాళ్లను ప్రొటీన్‌తో పని లేకుండా చేర్చుకుంది. అక్కడా మేలు కనిపించింది, మొత్తం మీద 28 శాతం. ప్రొటీన్ పోనివాళ్లలో ఆ మేలు ఎంతన్నది అంత స్పష్టంగా తేలలేదు. పేటెంట్లు ముగిసి మన దేశంలో ఈ రెండు మందుల ధరలూ దిగొచ్చాయి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఇవి ఒంట్లోంచి నీటినీ లవణాన్నీ బయటికి లాగుతాయి. ఎండలో చెమటోడ్చే కూలికి ఆ మాత్ర ఎలా సరిపోతుందో నగరాల్లో జరిగిన ప్రయోగం చెప్పలేదు. ఇక్కడి మనుషుల మీద, ఇక్కడి పనుల మధ్య చూసి చెప్పాలి. పలాసలో పరిశోధన కేంద్రం పెట్టుకున్నది ఇలాంటి ప్రశ్నల కోసమే కదా.

మాత్రల దశ దాటినవాళ్ల జీవితం మంచం పక్కనే నడుస్తుంది. మణికట్టు దగ్గర ధమనినీ సిరనూ కలిపి కుట్టిన చోట చర్మం తాడులా ఉబ్బి ఉంటుంది. రోగులు దాన్ని ఫిస్టులా అనే అంటారు. దాని మీద వేలు పెడితే చర్మం కింద జుమ్మని అదురుతుంది. పొద్దున లేవగానే ఆ అదురు చూసుకోమని నర్సులు నేర్పుతారు. అది ఆగిందంటే రక్తం గడ్డ కట్టినట్టే, వెంటనే పరుగెత్తాలి. ఆ చేతితో బరువు ఎత్తకూడదు, ఆ చేతికి బీపీ పట్టీ చుట్టకూడదు. కొబ్బరి చెట్టెక్కి కాయ దింపే మనిషికి ఆ ఒక్క నియమంతోనే బతుకుతెరువు పోతుంది. గదిలోకి రాగానే కాటా ఎక్కిస్తారు. పోయినసారికీ ఈసారికీ మధ్య ఎన్ని కిలోల నీరు చేరిందో అది చెప్పేస్తుంది, ఎవరు ఎన్ని గుక్కలు ఎక్కువ తాగారో దాచుకోవడానికి ఉండదు. తర్వాత నాలుగు గంటలు. మిషను గుండా నిమిషానికి అర లీటరు చొప్పున 120 లీటర్ల శుద్ధి చేసిన ద్రవం పారుతుంది. వారానికి రెండు మూడు సార్లు. తోడొచ్చిన భార్య కూలీ కూడా ఆ రోజుకు పోయినట్టే.

ఇచ్ఛాపురం వాళ్లకు దగ్గర్లో ఉన్న పెద్ద ఊరు ఒడిశాలోని బరంపురం. సోంపేటలో ఒక పరీక్ష, బరంపురంలో మరొకటి, ప్రాణం మీదికొస్తే విశాఖలో ఇంకొకటి. ఆ కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో, తేదీల వరస లేకుండా, కొన్ని తడిసి అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి. కేంద్ర ప్రభుత్వం ఆభా పేరుతో ప్రతి మనిషికీ 14 అంకెల ఆరోగ్య సంఖ్య ఇస్తోంది. దాని అసలు విలువ ఇలాంటి చోటే తేలాలి. మూడు ఊళ్ల పరీక్షల్లోని వడపోత వేగం ఒకే తెర మీద తేదీలవారీగా గీత గీసినట్టు కనిపిస్తే, ఆ గీత నెమ్మదిగా వాలుతోందా, ఈ ఏడాదే ఒక్కసారిగా జారిందా అన్నది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యుడు నిమిషంలో పట్టేయగలడు. వాలుతున్న గీతను యాభై దగ్గర పట్టుకుంటే మాత్రలతో ఏళ్లు సంపాదించుకోవచ్చు. పదిహేను దగ్గర పట్టుకుంటే మిషనే గతి. ఇందుకు కృత్రిమ మేధ అవసరం లేదు. ఆశా కార్యకర్త చేతిలోని ఫోనూ, రాష్ట్రం సరిహద్దు దాటినా తెరుచుకునే రికార్డూ, అన్ని ల్యాబుల్లోనూ ఒకే ప్రమాణంతో కొలిచిన క్రియాటినిన్ చాలు.

ఇరవై ఏళ్లకు పైగా ఉద్దానం రక్తం ఇచ్చింది, మూత్రం ఇచ్చింది, బోరు నీళ్లు సీసాల్లో నింపి ఇచ్చింది. అడిగిన ప్రశ్నకల్లా జవాబు చెప్పింది. శాంపిల్ తీసుకున్న ప్రతి మనిషికీ అతని ఫలితం తెలుగులో, అర్థమయ్యే మాటల్లో తిరిగి అందాలి. అది అధ్యయనం ఖర్చులో రాసి పెట్టవలసిన పద్దు, దయ కాదు. ఊరి మొత్తం ఫలితం గ్రామ సచివాలయంలో చదివి వినిపించాలి. పెళ్లి సంబంధాలకు ఊరి పేరు చెప్పడానికి జంకే పరిస్థితి కొన్నిచోట్ల ఉందంటారు కాబట్టి పేర్లు మాత్రం బయటికి రాకూడదు.

ఇక పిల్లల సంగతి. మధ్య అమెరికాలో పరిశోధకులు పొలం పనికి ఇంకా వెళ్లని బడి పిల్లల మూత్రాన్ని పరీక్షించి, ఎన్‌గాల్ లాంటి ప్రొటీన్లలో నాళికలకు తగిలిన తొలి దెబ్బ ఆనవాళ్లు వెతికారు. క్రియాటినిన్ కదలడానికి ఎంతో ముందే ఆ ప్రొటీన్లు కదులుతాయి. కవిటి, కంచిలి ఉన్నత పాఠశాలల్లోనూ ఆ పరీక్ష మొదలుపెట్టి, పదో తరగతి దాటి వలస వెళ్లిన పిల్లలను కూడా ఫోనులో వెంబడిస్తూ ఏటా కొనసాగించాలి. జబ్బు బడి ఈడులోనే మొదలవుతోందా, పనిలోకి దిగాక మొదలవుతోందా అన్నది అప్పుడు తెలుస్తుంది. నీటి కోసం పెట్టిన డబ్బుతో పోలిస్తే దీనికయ్యే ఖర్చు లెక్కలోకి రాదు. వచ్చే జూన్‌లో బడులు తెరిచేసరికే దీన్ని మొదలుపెట్టొచ్చు.