గోవాడకు 5, అనకాపల్లికి 9: ఫాంటు ఫైలు మారిస్తే మ్యాటర్ మారదు

2022 ఏప్రిల్ 4న చోడవరం ప్రాంతం విశాఖపట్నం జిల్లా నుంచి కొత్త అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. అక్కడి గోవాడ చిరునామాతో ఉన్న లెటర్‌హెడ్లు, రసీదు పుస్తకాలు, కరపత్రాల్లో జిల్లా పేరు మార్చాల్సి వచ్చింది. మార్చాల్సింది ఒక్క మాటే. కానీ ఆ మాట ఏ పాత పేజ్‌మేకర్ ఫైల్లోనో ఉంటే, కొత్త కంప్యూటర్లో తెరవగానే తెలుగుకు బదులు ఏవో ఇంగ్లిషు అక్షరాలూ పిచ్చి గుర్తులూ కనిపిస్తాయి.

చాలామందికి వెంటనే తోచే ఉపాయం ఫాంటును కన్వర్టర్‌లో వేసి టీటీఎఫ్‌ను (ట్రూటైప్) ఓటీఎఫ్‌గా (ఓపెన్‌టైప్) మార్చడం. దీనివల్ల మారేది అక్షరాల గీతలను దాచే పద్ధతి మాత్రమే. అడోబ్ పాత పద్ధతి అయిన టైప్ 1 ఫాంట్లలో సాధారణంగా అక్షరపు చదరం 1000 యూనిట్లు, 1991లో వచ్చిన ట్రూటైప్‌లో ఎక్కువగా 2048. వంపులను లెక్కగట్టే సూత్రమూ వేరు. అందుకే ఒకదాన్నించి ఇంకొకదానికి మార్చినప్పుడు వంపు కొద్దిగా మారవచ్చు. 2023 జనవరిలో అడోబ్ టైప్ 1కు స్వస్తి చెప్పింది కాబట్టి ఆ ఫాంట్లు ఉన్నవాళ్లకు ఓటీఎఫ్‌గా మార్చుకోవడం నిజంగానే అవసరం. మిగతావాళ్ల చిక్కు వేరే చోట ఉంది.

పాత ఫాంటులో అక్షరాలు పెట్టుకోవడానికి ఉన్న సంకేతాల గదులు 256. అందులో మొదటి 32 గదులు అక్షరాలకు పనికిరావు. తెలుగులో క్షను పక్కనపెట్టి 35 హల్లులను 14 గుణింత రూపాలతో గుణిస్తేనే 490. వత్తుల లెక్క ఇంకా మొదలే కాలేదు. అందుకని ఫాంటు తయారుచేసినవాళ్లు అక్షరాలను ముక్కలు చేసి, ఎవరికి నచ్చిన గదిలో వాళ్లు పెట్టుకున్నారు. అను ఫాంటులో కంపోజ్ చేసిన మ్యాటర్‌కు శ్రీలిపి ఫాంటు పెడితే చదవలేకపోవడానికి కారణం ఇదే. టీటీఎఫ్ ఓటీఎఫ్ అయినా ముక్కలు ఉండేది ఆ గదుల్లోనే.

1991 నుంచే తెలుగు ఉన్న యూనికోడ్‌లో మన భాగానికి ఇచ్చిన గదులు ఇంకా తక్కువ, 128. అయినా సరిపోయాయి, ఎందుకంటే వత్తును విడిగా దాచరు. గోవాడకు 5 సంకేతాలు, అనకాపల్లికి 9. చివరి ‘ల్లి’ ఒక్కటే ల, పొల్లు, ల, గుడి అని నాలుగు. వాటిని కలిపి చూపించడం ఓపెన్‌టైప్ ఫాంటులోని పట్టికల పని. నాసిరకం కన్వర్టర్ ఆ పట్టికలను వదిలేస్తే వత్తు బదులు పొల్లు తేలుతుంది. పాత పద్ధతిలో ముందు ‘లి’, తర్వాత ల వత్తు. వరసే వేరు కాబట్టి మార్చాల్సింది ఫాంటును కాదు, మ్యాటర్‌ను. వెన్నా నాగార్జున ఫైర్‌ఫాక్స్ కోసం చేసిన ‘పద్మ’ ఇలాంటి పనే చేసింది: ఒక్కో పాత ఫాంటుకు ఒక్కో పట్టిక పెట్టుకుని పాఠాన్ని యూనికోడ్ చేసేది.

యూనికోడ్ ఫాంటును పేజ్‌మేకర్‌కు అలవాటు చేద్దామనే ప్రయత్నం వృథా. 2001లో వచ్చిన 7.0 దాని చివరి వెర్షన్, దానికి ఈ కలిపే విద్య రాదు. పాత ఫైళ్లను తెరవగల చివరి ఇన్‌డిజైన్ సీఎస్6. తెరిచినా లోపలి సంకేతాలు పాతవే.

ఇంకో మాట. కొన్న ఫాంటును మార్చేముందు లైసెన్స్ చదవండి. మండలి, రామభద్ర లాంటివి స్వేచ్ఛా లైసెన్స్‌తో గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే దొరుకుతాయి. పాత ఫాంటు ఫైళ్లను పారేయకండి. మ్యాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చాక వత్తులూ అంకెలూ కొటేషన్ గుర్తులూ మూలంతో పోల్చి చూశాకే ప్లేటుకు పంపండి.