పిల్లలతో హైదరాబాద్‌కు మారుతుంటే: ఇంటికంటే ముందు చూడాల్సిన కిలోమీటరు

విజయవాడ నుంచో కరీంనగర్ నుంచో బెంగళూరు నుంచో ఉద్యోగరీత్యా హైదరాబాద్‌కు మారే కుటుంబాలు ఇల్లు వెతికే తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. ముందు ఆఫీసు ఎక్కడో చూస్తారు. అద్దెకు ఎంత పెట్టగలరో లెక్క వేసుకుంటారు. ఆ డబ్బుకు మూడు పడక గదులు ఏ వైపు దొరుకుతాయో ఆరా తీస్తారు. అడ్వాన్స్ ఇచ్చేసి, సామాను లారీకి ఎక్కించాక బడి సంగతి మొదలవుతుంది. ఆ ఇంట్లో పిల్లల రోజు పొద్దున్నుంచి రాత్రిదాకా ఎలా గడుస్తుందన్న ప్రశ్న మాత్రం చాలా ఇళ్లలో ఎవరూ వేసుకోరు.

ఈ వరసను తిరగేయాలి. పెద్దవాళ్లు రోజులో ఎక్కువ భాగం వేరే చోట గడుపుతారు. పిల్లలకు మాత్రం ఆ పేటే లోకం. అందుకని ముందు ఇంటి చుట్టూ ఒక కిలోమీటరు మేర ఏముందో చూసుకుని, ఆ తర్వాతే ఫ్లాట్ చూడాలి.

కిలోమీటరే ఎందుకు? చిన్నపిల్లలు హాయిగా నడవగలిగే దూరం అది. చట్టం కూడా ఆ కొలతనే తీసుకుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం కింద మన దగ్గర చేసిన నియమాల ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిదో తరగతి వాళ్లకు మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలి. కార్పొరేట్ స్కూలు బస్సుల కాలంలో ఈ నియమాన్ని మరిచిపోయాం కానీ, దాని వెనకున్న ఆలోచన ఈనాటికీ సరైనదే.

నిద్రతో మొదలుపెట్టి లెక్క వేయండి

బడి ఎనిమిదిన్నరకు అనుకుందాం. అది పది కిలోమీటర్ల దూరంలో ఉంటే బస్సు నేరుగా వెళ్లదు. దారి పొడవునా ఆగుతూ, గల్లీల్లోకి తిరుగుతూ వెళుతుంది. మొదటి స్టాపులో ఎక్కే పిల్ల ఏడింటికల్లా గేటు దగ్గర నిలబడాలి. అంటే ఆరింటికి లేవాలి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర అవసరమని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ సిఫార్సు చేసింది. పది గంటలని లెక్క వేసుకున్నా రాత్రి ఎనిమిదికల్లా పడుకోవాలి. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పనిచేసే నాన్న ట్రాఫిక్ దాటుకుని ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. ఇక ఆ పిల్ల నిద్రయినా మానుకోవాలి, నాన్న ముఖమైనా చూడకుండా పడుకోవాలి. ఆ ఇంట్లో వారమంతా ఇదే పరిస్థితి.

అందుకే బడి దూరాన్ని అన్నిటికంటే ముందు తగ్గించాలి. పెద్దవాళ్ల ప్రయాణం కాస్త పెరిగినా ఫరవాలేదు, కానీ అది వీలైనంత వరకు రైలు మీద సాగాలి. మెట్రో ఎర్ర లైను మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా 29 కిలోమీటర్లు. నీలి లైను నాగోల్, ఉప్పల్, హబ్సిగూడ, అమీర్‌పేట మీదుగా రాయదుర్గం చేరుతుంది. భార్యాభర్తల్లో ఒకరి ఆఫీసు హైటెక్ సిటీలోనూ, ఇంకొకరిది సికింద్రాబాద్ వైపూ ఉంటే, నీలి లైనుకు దగ్గర్లో ఇల్లు తీసుకోవడం ఇద్దరికీ కలిసొస్తుంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు వెళ్లేవాళ్లు మాత్రం రాయదుర్గం దాటాక మిగిలే రోడ్డు ప్రయాణాన్నీ లెక్కలో వేసుకోవాలి.

ఇంకో సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. మధ్యాహ్నం పన్నెండుకు బడి నుంచి ఫోన్ వచ్చి, బాబుకు జ్వరమంటే అరగంటలో అక్కడికి చేరేది ఎవరు? అమ్మమ్మో తాతయ్యో ఇంట్లో ఉంటే వాళ్లు నడిచి వెళ్లగలరా? ఆటో దొరుకుతుందా? ఈ ప్రశ్నకు జవాబు లేని ఇల్లు ఎంత బాగున్నా వదులుకోవడమే మంచిది.

బడి మారేటప్పుడు చట్టం ఏమంటోంది

ఎనిమిదో తరగతి దాకా పిల్లలకు విద్యాహక్కు చట్టం అండ ఉంది. వేరే బడికి మారుతుంటే పాత బడి హెడ్మాస్టరు టీసీ వెంటనే ఇవ్వాలని ఐదో సెక్షన్ చెబుతోంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడులు టీసీ ఆలస్యమైందన్న సాకుతో చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదు. ఏ బడీ చేరికకు క్యాపిటేషన్ ఫీజు తీసుకోకూడదని, పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష పెట్టి వడపోయకూడదని 13వ సెక్షన్ అంటోంది. కౌంటర్ దగ్గర కూర్చున్న తల్లిదండ్రులకు ఇవి తెలిసి ఉంటే మాట్లాడే ధైర్యం వస్తుంది.

తెలంగాణలో 2018 నాటి చట్టం ప్రకారం సీబీఎస్ఈ సహా అన్ని బోర్డుల బడుల్లోనూ పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి. బెంగళూరు నుంచో అమెరికా నుంచో వచ్చే పిల్లలకు ఇంట్లో మాట్లాడటం వచ్చినా, రాయడం రాకపోవచ్చు. మారబోతున్నామని తెలిసిన రోజు నుంచే అక్షరాలు దిద్దించడం మొదలుపెడితే తరగతిలో వాళ్లు చిన్నబోకుండా ఉంటారు.

ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చే కుటుంబాలు చాలా జాగ్రత్తగా చూసుకోవాల్సిన విషయం స్థానికత. ఇంజనీరింగ్, మెడికల్ సీట్లకు ఏ రాష్ట్రంలో స్థానికులన్నది తేల్చడంలో ప్రధానమైన కొలమానం, ఇంటర్‌తో ముగిసే వరస నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదే. అంటే తొమ్మిదో తరగతి నుంచి లెక్క మొదలవుతుంది. రాష్ట్ర విభజన తర్వాత పదేళ్ల పాటు సాగిన ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది కాబట్టి ఈ తేడా ఇప్పుడు నిజంగా బరువైనది. పిల్లలు ఏడులోనో ఎనిమిదిలోనో ఉన్నప్పుడు మారితే చిక్కు లేదు. పదిలో ఉంటే మాత్రం ఆ ఏటి ప్రవేశ నిబంధనలు చదవకుండా లారీ మాట్లాడుకోవద్దు. ఇంటర్ అయ్యేదాకా ఆగడం కొన్ని ఇళ్లకు తెలివైన పని.

ఆ కిలోమీటరు నడిచి చూడండి

ఇల్లు నచ్చిందనుకున్నాక ఆ ఇంటి నుంచి బడికి, బడి నుంచి పార్కుకు, పార్కు నుంచి కిరాణా కొట్టుకు పిల్లల చెయ్యి పట్టుకుని నడవండి. కారులో వెళితే ఏదీ కనపడదు. ఫుట్‌పాత్ ఉందా, ఉంటే దాని మీద బండ్లు పెట్టేశారా? మెయిన్ రోడ్డు దాటాల్సి వస్తే సిగ్నల్ ఉందా? తొమ్మిదేళ్ల పిల్లను పెరుగు ప్యాకెట్ తెమ్మని ఒంటరిగా పంపగలమా? ఈ ఒక్క ప్రశ్నకు ధైర్యంగా అవునని చెప్పగలిగితే మిగతా లోపాలు చాలావరకు సర్దుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యంగా నాలాలు, మ్యాన్‌హోళ్లు చూడండి. 2020 సెప్టెంబరులో నేరేడ్‌మెట్‌లో సైకిల్ తొక్కుకుంటూ వెళ్లిన పన్నెండేళ్ల పాప నాలాలో పడి కొట్టుకుపోయింది. 2023 సెప్టెంబరులో ప్రగతినగర్ దగ్గర నాలుగేళ్ల బాబు తెరిచి ఉన్న మ్యాన్‌హోల్‌లో పడి చనిపోయాడు. ఇద్దరూ ఇంటికి దగ్గర్లోనే ఉన్నారు. పిల్లలు అనుకోకుండా వెళ్లిన ప్రమాదకరమైన చోట్లు కావవి. ఆడుకునే వయసులో ఆడుకునే చోటే జరిగిన ఘోరాలు. ఇల్లు చూపించే బ్రోకర్ మాడ్యులర్ కిచెన్ చూపిస్తాడు. నాలాకు మూత ఉందో లేదో మనమే వెళ్లి చూడాలి.

పేట పుట్టిన తీరు తెలిస్తే సగం తెలిసినట్టే

హైదరాబాద్ శివార్లలో రెండు రకాల పేటలున్నాయి. ఒకటి, లేఅవుట్ వేసి కట్టినవి. రామచంద్రాపురం పక్కన బీహెచ్ఈఎల్ టౌన్‌షిప్, ఈసీఐఎల్ వ్యవస్థాపకుడి పేరుతో వెలిసిన ఏఎస్ రావు నగర్, మాజీ సైనికుల కోసం మొదలైన సైనిక్‌పురి, హౌసింగ్ బోర్డు కట్టిన కేపీహెచ్‌బీ ఈ కోవలోవి. వీటిలో రోడ్లు, పార్కులు, బజారు, బడి ముందే కాగితం మీద గీశారు. ఇళ్లు పాతబడి ఉండొచ్చు, లిఫ్ట్ ఉండకపోవచ్చు, బండ్ల రద్దీ పెరిగి ఉండొచ్చు. కానీ అన్నీ నడక దూరంలోనే దొరికే గుణం చాలాచోట్ల ఇంకా మిగిలే ఉంది.

రెండో రకం, పొలాల మీద బిల్డింగులు ముందొచ్చి, రోడ్లూ డ్రైనేజీ తర్వాత వచ్చినవి. నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ గ్రామపంచాయతీలుగా ఉండగానే అపార్ట్‌మెంట్లతో నిండిపోయాయి. ఆ మూడూ కలిసి 2019లో మున్సిపల్ కార్పొరేషన్ అయ్యాయి. పంచాయతీ కాలపు రోడ్డు మీద నగరం బరువు పడితే ఏమవుతుందో నిజాంపేట రోడ్డు సాయంత్రం పూట చెబుతుంది. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు ఆకాశహర్మ్యాలు 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డును నమ్ముకుని లేచాయి. అక్కడి గేటెడ్ కమ్యూనిటీల్లో పిల్లలకు ఆటస్థలం, ఈతకొలను, తోటివాళ్లు లోపలే దొరుకుతారు. చిన్నపిల్లలకు అది నిజంగా మేలు. పన్నెండేళ్లు దాటాక మాత్రం పిల్లలకు గేటు బయట కూడా లోకం కావాలి. లైబ్రరీకో స్నేహితుడి ఇంటికో పోవాలన్న ప్రతిసారీ ఎవరో ఒకరు కారు తీయాల్సి వస్తే, ఆ పిల్లలకు సొంతంగా తిరగడం ఎప్పుడు వస్తుంది?

వానాకాలం, ఎండాకాలం, అర్ధరాత్రి

హైదరాబాద్ గొలుసుకట్టు చెరువుల మీద పెరిగిన ఊరు. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీళ్లు నాలాల గుండా కింది చెరువుకు చేరాలి. నాలాలు ఇరుకై, చెరువుల్లో ఇళ్లు లేచిన చోట నీళ్లు కాలనీల్లోంచి దారి చేసుకుంటాయి. 2016 సెప్టెంబరులో నిజాంపేట భండారీ లేఅవుట్‌లో, 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చుట్టూ, టోలిచౌకి నదీం కాలనీలో జరిగింది ఇదే. కాబట్టి దగ్గర్లోని చెరువు పూర్తి నీటిమట్టం హద్దు, అంటే ఎఫ్‌టీఎల్, ఎక్కడిదాకా ఉందో హెచ్ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో చూసుకోండి. నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు ఖాళీ వదలాలి. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడి కూల్చివేతలు మొదలయ్యాక ఇది వరద భయంతోనే ఆగే విషయం కాదు, ఇల్లు నిలుస్తుందా లేదా అన్న విషయం. కింది అంతస్తు గోడల మీద నీటి చారలు చూడండి. వీధి చివర ఇస్త్రీ బండి ఆయన్ని అడగండి. కాగితాల్లో లేనిది ఆయనకు తెలుసు.

ఎండాకాలం సంగతి ట్యాంకర్ చెబుతుంది. నల్లా నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి, బోరు ఎంతవరకు పనిచేస్తుంది, ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లకు మెయింటెనెన్స్ మీద అదనంగా ఎంత కట్టారు అని అసోసియేషన్ వాళ్లను అడగాలి.

గాలి సంగతి రాత్రి పూట తెలుస్తుంది. దమ్మాయిగూడ, నాగారం వైపు గాలి తిరిగినప్పుడు జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వాసన ఇళ్లలోకి వస్తుంది. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక ప్రాంతం కాలుష్యం దశాబ్దాల నాటిది. ఉబ్బసం ఉన్న పిల్లలుంటే ఆ చుట్టుపక్కల ఇల్లు తీసుకునే ముందు ఒక రాత్రి పదింటి తర్వాత వెళ్లి కాసేపు నిలబడి చూడండి. పగలు చూసొచ్చిన ఇంటికి అడ్వాన్స్ ఇవ్వడం సగం చూసి ఇవ్వడమే.

కొనడానికి ముందు ఉండి చూడండి

ఇల్లు కొనే ఆలోచన ఉన్నా మొదట పదకొండు నెలలు అదే పేటలో అద్దెకు ఉండండి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం, ఒక బడి సంవత్సరం గడిస్తే ఆ చోటు మీ పిల్లలకు సరిపడుతుందో లేదో మీకే తేలిపోతుంది. బడ్జెట్ తక్కువైతే ఇల్లు చిన్నది చేసుకోండి, బడిని దూరం చేసుకోవద్దు. నడిచి వెళ్లగలిగే బడి, పార్కు ఉన్న చోట రెండు గదులైనా చాలు. అవి లేని చోట నాలుగు గదులున్నా పిల్లలు ఆ గదుల్లోనే ఉండిపోతారు.

పదేళ్లు దాటిన పిల్లలను ఇల్లు చూడటానికి తీసుకెళ్లి, వాళ్ల మాట వినండి. ఊరు మారడం అంటే స్నేహితులను వదిలి రావడం. ఆ నష్టం వాళ్లది. కొత్త చోటు ఎంపికలో వాళ్లకూ భాగం ఇస్తే దాన్ని భరించే బలం వస్తుంది.

ఇక, అన్నీ కుదిరిన పేట ఏదీ దొరకదు. ఎక్కడో ఒకచోట మూత లేని నాలా, ఫుట్‌పాత్ లేని రోడ్డు మిగిలే ఉంటాయి. చేరిన నెలలోనే కాలనీ అసోసియేషన్‌లో పేరు రాయించుకుని, మొదటి సమావేశంలో ఆ నాలా మూత సంగతి ఎత్తండి. మున్సిపాలిటీకి మీరొక్కరే రాసే అర్జీ కంటే వంద ఇళ్ల సంతకాలున్న అర్జీకి పని త్వరగా జరుగుతుంది. మీ పిల్లల కోసం బాగుచేయించిన దారి మీద ఆ పేట పిల్లలందరూ నడుస్తారు.