మెడలో పుట్టుకతో వచ్చే ఇరుకు: చేతుల తడబాటును తేలికగా తీసుకోరాదు

పుదుచ్చేరి: చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతుంది. అన్నం కలిపేటప్పుడు వేళ్లు మాట వినవు. కాలి చెప్పు జారిపోయినా తెలియదు. మెడలో నొప్పి మాత్రం ఉండకపోవచ్చు. అందువల్ల ఈ లక్షణాలను వయసుకో, నీరసానికో, మధుమేహానికో ఆపాదించి నెలలు గడిపేస్తుంటారు. కొందరిలో అసలు కారణం మెడ పైభాగంలో పుట్టుకతోనే ఉన్న ఇరుకు. అది వెన్నుపామును నొక్కుతున్నదని ఎంత త్వరగా తేలితే, నడకనూ చేతి పట్టునూ కాపాడుకునే అవకాశం అంత పెరుగుతుంది.

పుదుచ్చేరి గోరిమేడులోని జిప్‌మర్ ఇటువంటి నాడీ సమస్యలకు శస్త్రచికిత్స విభాగం ఉన్న కేంద్ర ప్రభుత్వ వైద్యసంస్థ. 1823లో ఫ్రెంచి పాలకులు నెలకొల్పిన వైద్య పాఠశాల దీనికి మూలం. 2008లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. తెలుగు ప్రాంతమైన యానాంలో ఈ సంస్థకు చెందిన 90 పడకల బహుళ స్పెషాలిటీ విభాగం 2024 ఫిబ్రవరిలో జాతికి అంకితమైంది.

ఇరుకు ఎక్కడ, ఎలా?

మెడలోని ఏడు వెన్నుపూసలలో మొదటిదైన అట్లాస్ ఉంగరం ఆకారంలో ఉండి తలను మోస్తుంది. రెండవదైన ఆక్సిస్ నుంచి పైకి పొడుచుకువచ్చిన దంతాకార భాగం ఈ ఉంగరంలో ఇరుసులా నిలుస్తుంది. తలను పక్కలకు తిప్పే కదలికలో దాదాపు సగం ఈ రెండు ఎముకల మధ్యనే జరుగుతుంది.

అట్లాస్ ఉంగరం లోపలి స్థలంలో మూడోవంతు ఆ ఇరుసుకు, మూడోవంతు వెన్నుపాముకు పోగా, మిగిలిన మూడోవంతు ఖాళీగా ఉంటుందని 1968లో స్టీల్ అనే వైద్యుడు సూత్రీకరించారు. ఆ ఖాళీయే వెన్నుపాముకు రక్షణ. పుట్టుకతో ఇరుకు ఉన్నవారికి ఈ రక్షణ కరవవుతుంది.

అట్లాస్ మూడు ఎముక కేంద్రాల నుంచి రూపొందుతుంది. దాని వెనుక కమాను సాధారణంగా మూడు నుంచి ఐదేళ్ల వయసులో అతుక్కుంటుంది. ఆ ఎదుగుదల కుంటుపడితే ఉంగరం చిన్నదిగానే మిగిలిపోతుంది. కొందరిలో అట్లాస్ పుర్రె అడుగుభాగంతో కలిసిపోతుంది. మరికొందరిలో ఇరుసు భాగం విడిగా ఉండి, రెండు పూసల అమరిక పట్టు తప్పుతుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో లిగమెంట్లు వదులుగా ఉండటం వల్ల కూడా ఈ ప్రమాదం ఉంటుంది.

నడివయసులో ఎందుకు బయటపడుతుంది?

ఇరుకు పుట్టుకతో వచ్చినా వెన్నుపాము చాలాకాలం సర్దుకుపోతుంది. వయసుతో లిగమెంట్లు మందమై, ఎముకల అంచులు పెరిగినప్పుడు ఉన్న కొద్దిపాటి చోటు కూడా తగ్గిపోతుంది. చిన్నపాటి పడిపాటు సైతం లక్షణాలను ఒక్కసారిగా బయటపెట్టవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో ఫ్లోరైడ్ పీడిత ప్రాంతాల వారికి మరో భారం ఉంది. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంతంలో 1937లోనే నమోదైన ఫ్లోరోసిస్ ఎముకలనూ లిగమెంట్లనూ మందంగా మార్చి వెన్ను కాలువను కుదిస్తుంది.

ఒత్తిడి వల్ల నాడీ తంతువులు దెబ్బతినడమే కాక వెన్నుపాముకు రక్తప్రసారం తగ్గుతుంది. చనిపోయిన నాడీకణాలు తిరిగి పుట్టవు. ఆలస్యం ప్రమాదకరం కావడానికి కారణం ఇదే.

గుర్తించడం ఎలా?

పక్షవాతం సాధారణంగా హఠాత్తుగా, శరీరంలో ఒక పక్కకు వస్తుంది. వెన్నుపాముపై ఒత్తిడి ఎక్కువగా నెమ్మదిగా పెరిగి రెండు వైపులా కనిపిస్తుంది. మధుమేహంలో నరాలు దెబ్బతింటే మోకాలి వద్ద సుత్తితో తట్టినప్పుడు వచ్చే ప్రతిస్పందన తగ్గుతుంది; వెన్నుపాము నొక్కుకుపోతే అది పెరుగుతుంది. కాళ్లు బిగుసుకుపోయి నడక తూలుతుంది. మెడ వంచగానే వెన్నులో విద్యుత్ తాకినట్లు అనిపించవచ్చు. మూత్రాన్ని ఆపుకోలేకపోవడం ముదిరిన దశకు సంకేతం.

అరికాలిని గీసినప్పుడు బొటనవేలు పైకి లేవడం మరో ముఖ్యమైన గుర్తు. దీనిని 1896లో పారిస్‌లో బబిన్‌స్కీ వర్ణించారు. పిడికిలి బిగించి విప్పడాన్ని పది సెకన్లలో ఇరవై సార్లు చేయలేకపోయినా వైద్యులు అనుమానిస్తారు.

పరీక్షలు, చికిత్స

వెన్నుపాము స్థితిని ఎంఆర్ఐ, ఎముకల ఆకృతిని సీటీ స్కాన్ చూపుతాయి. మెడను వంచి, వెనక్కి వాల్చి తీసే ఎక్స్‌రేలు పూసలు జారుతున్నాయా అన్నది తేలుస్తాయి. వీటిని వైద్యుల పర్యవేక్షణలోనే తీయించుకోవాలి. ఇరుసు వెనుక వెన్నుపాముకు మిగిలిన చోటు 14 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే జాగ్రత్త అవసరం. అయితే కొలత ఒక్కటే నిర్ణయాత్మకం కాదు. ఇరుకు ఉన్నా ఏ లక్షణమూ లేనివారున్నారు.

ఎముకల ఇరుకును విప్పే మందు లేదు. లక్షణాలు పెరుగుతుంటే అట్లాస్ వెనుక కమానును తొలగించి వెన్నుపాముకు చోటు కల్పిస్తారు. పూసలు కదులుతుంటే స్క్రూలతో బిగిస్తారు. మొదటి రెండు పూసలను ప్లేట్లు, స్క్రూలతో స్థిరపరిచే పద్ధతిని ముంబయి కేఈఎం ఆసుపత్రికి చెందిన డాక్టర్ అతుల్ గోయల్ బృందం 1994లో ప్రచురించింది. తర్వాత అది ప్రపంచవ్యాప్తంగా ఆచరణలోకి వచ్చింది. శస్త్రచికిత్స ప్రధాన లక్ష్యం క్షీణతను ఆపడం. కొందరిలో పట్టు, నడక మెరుగుపడతాయి. ఒత్తిడి ఎంతకాలం కొనసాగితే ఆ అవకాశం అంత తగ్గుతుంది.

చేయకూడనివి

ఈ సమస్య ఉన్నవారు క్షౌరశాలలో మెడ విరిపించుకోవడం, సొంతంగా మెడకు బరువులు వేలాడదీయడం, తలపై బరువులు మోయడం మానుకోవాలి. ఏ శస్త్రచికిత్సకు వెళ్లినా మత్తు వైద్యుడికి ముందే చెప్పాలి. గొట్టం అమర్చేందుకు మెడను వెనక్కి వంచడం ప్రమాదకరం కావచ్చు. కింద పడిన తర్వాత చేతులు, కాళ్లు బలహీనపడితే మెడను కదపకుండా వెంటనే ఆసుపత్రికి తరలించాలి. చేతుల తడబాటు, నడకలో తూలుడు వారాల తరబడి తగ్గకుంటే, నొప్పి లేకపోయినా నాడీ వైద్య నిపుణుడిని సంప్రదించాలి.